గాయాన్ని మాన్పే కబురు

కూర తరుగుతుంటే కత్తిపీట తగిలి వేలు తెగుతుంది. గాయం మీద పక్కు కడుతుంది. తర్వాత పక్కు రాలిపోతుంది. దాని కింద కొత్త చర్మం కనిపిస్తుంది. ఈ చర్మం ఎక్కడి నుంచి వచ్చింది?

మన ఒళ్ళంతా కణాలతో తయారైంది. కణం చాలా చిన్నది. కంటికి కనిపించదు. ఇటుకలు పేర్చి గోడ కడతాం కదా! అలాగే కణాలు చేరి చర్మం అవుతుంది. కానీ ఇటుక పెరగదు. కణం అలా కాదు. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. గాయం పక్కన ఉన్న కణాలు ఇలా పెరిగి తెగినచోటును కప్పేస్తాయి.

మరి ఎప్పుడు పెరగాలో కణానికి ఎలా తెలుసు? ఆ కబురు తెచ్చేవి కొన్ని ప్రోటీన్లు. పప్పులో, గుడ్డులో ప్రోటీన్లు ఉంటాయని విన్నాం. మన ఒంట్లో కూడా ఎన్నో రకాల ప్రోటీన్లు తయారవుతాయి. ఒక్కోదానికి ఒక్కో పని.

ఈ సంగతి చిట్టెలుకల వల్ల తెలిసింది. రీటా లెవీ మోంటాల్చినీ ఇటలీ దేశపు మహిళ. డాక్టరు చదువు చదువుతానంటే తండ్రి మొదట ఒప్పుకోలేదు. ఆమె పట్టు విడవలేదు. చదివి శాస్త్రవేత్త అయ్యారు. 1950ల్లో అమెరికాలో స్టాన్లీ కోహెన్‌తో కలిసి పనిచేశారు. నరాలను పెంచే ప్రోటీన్ ఏదో ఇద్దరూ వెతికారు. చిట్టెలుక దవడ కింద ఉమ్మి ఊరే గ్రంథి ఉంటుంది. ఆ ప్రోటీన్ అందులో బాగా దొరికింది.

కోహెన్ ఆ గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు సూదితో ఎక్కించారు. ఎలుకపిల్ల కళ్ళు మూసుకునే పుడుతుంది. 12 నుంచి 14 రోజులకు గానీ తెరవదు. ఈ పిల్లలు 7 రోజులకే కళ్ళు తెరిచాయి! పళ్ళు కూడా ముందే వచ్చాయి. నరాల ప్రోటీన్ ఈ పని చేయదు. అంటే ఆ రసంలో ఇంకేదో ఉందన్నమాట. దాన్ని వేరుచేసి 1962లో కోహెన్ లోకానికి చెప్పారు. అదే చర్మకణాలను పెంచే ప్రోటీన్. పేరు ఇ.జి.ఎఫ్. మనుషుల్లోనూ ఇలాంటిదే ఉంది. 1986లో రీటాకూ కోహెన్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇ.జి.ఎఫ్. ఎలా పనిచేస్తుంది? కణం పైన తాళంకప్ప లాంటిది ఉంటుంది. ఇ.జి.ఎఫ్. దానికి తాళంచెవి. చెవి అమరగానే లోపలికి కబురు పోతుంది. కణం రెండుగా చీలుతుంది. తర్వాత కణం ఆ తాళాన్ని లోపలికి లాక్కుంటుంది. కబురు ఆగిపోతుంది.

ఆగడం కూడా ముఖ్యమే. ఒక్కోసారి తాళం చెడిపోతుంది. చెవి లేకుండానే తెరుచుకుని ఉంటుంది. కణాలు ఆగకుండా పెరుగుతాయి. కొన్ని రకాల క్యాన్సర్లు ఇలాగే వస్తాయి. ఆ తాళాన్ని మూసే మందులు ఇప్పుడు ఉన్నాయి.

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు కాలిపుండు త్వరగా మానదు. అలాంటి పుండ్లకు ఇ.జి.ఎఫ్. కలిసిన పైపూత మందు వచ్చింది. మన హైదరాబాదులో కూడా తయారైంది. దాన్ని ఎలుకల నుంచి తీయరు. ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. డాక్టరు చెబితేనే వాడాలి.

ఉమ్మిలో ఇంత మంచి ప్రోటీన్ ఉంది కదా, గాయానికి ఉమ్మి రాయవచ్చా? వద్దమ్మా! నోట్లో సూక్ష్మక్రిములు ఉంటాయి. వాటివల్ల గాయం చీము పడుతుంది. సబ్బుతో, శుభ్రమైన నీళ్ళతో కడగండి. ఉతికి ఆరేసిన గుడ్డ కట్టండి. లోతుగా తెగితే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోండి. చక్కెర జబ్బు ఉంటే రోజూ పడుకునే ముందు పాదాలు చూసుకోండి. చిన్న పుండైనా వెంటనే చూపించుకోండి.

మాట్లాడుకుందాం: మీ ఊళ్ళో గాయానికి ఏమేమి రాస్తారు? పేడ, మట్టి, సున్నం రాస్తే ఏమవుతుంది?