భ్రంశం మీద కావలి: డోనెట్ జీవితకథ

జపాన్‌లోని హోన్షు, షికోకు దీవుల దక్షిణ తీరానికి ఇంచుమించు సమాంతరంగా సముద్రం అడుగున సాగే నాంకై ద్రోణి వద్ద, ఫిలిప్పీన్ సముద్ర ఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున జపాన్ భూభాగం కిందికి దిగిపోతూ ఉంటుంది. ఒక భూఫలకం మరొకదాని కిందికి దూరి భూగర్భంలోకి జారే ఈ క్రియను అధోగమనం అంటారు. రెండు ఫలకాలు ఒరుసుకునే తలాన్ని, అంటే భ్రంశాన్ని, రాపిడి బిగబట్టి ఉంచడం వల్ల పై ఫలకపు అంచు ఏళ్ల తరబడి కిందికి వంగుతూ పోయి, ఆ పట్టు సడలిన క్షణాన ఒక్క ఊపున పైకి ఎగదన్నుతుంది. భూకంపమూ, సముద్రజలాన్ని పైకెత్తే సునామీ ఇలాగే పుడతాయి. ఈ ద్రోణి వెంబడి 1944లోను, 1946లోను వచ్చిన రెండు మహాభూకంపాలు ఒక్కొక్కటి వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నాయి.

భూకంపలేఖినులు చాలాకాలం ఎక్కువగా నేలమీదనే ఉండగా, ప్రమాదకరమైన భ్రంశంలో అధికభాగం సముద్రం కింద ఉండిపోయింది. ఓడల నుంచి అడుగుకు జారవిడిచిన పరికరాలు ప్రకంపనలను తమలోనే నమోదు చేసుకునేవి కనుక, నెలల తరువాత వాటిని పైకి తీస్తే తప్ప జరిగిన సంగతి తెలిసేది కాదు. ఈ లోటును తీర్చడానికి జపాన్ సముద్ర పరిశోధన సంస్థ జామ్‌స్టెక్ 2006లో డోనెట్ అనే సముద్రగర్భ పరిశీలన వ్యవస్థ రూపకల్పనకు పూనుకొని, నాంకై ద్రోణి ప్రాంతంలోని కుమనో సముద్రంలో 20 పరిశీలన కేంద్రాలను 2011 నాటికి నెలకొల్పింది.

తీరం నుంచి బయలుదేరిన వెన్నెముక వంటి కేబుల్ సముద్రగర్భంలోని కూడళ్లకు విద్యుత్తును మోసుకుపోతుంది. కూడళ్ల నుంచి చీలిన తీగలు 15 నుంచి 20 కిలోమీటర్ల ఎడంతో ఉన్న కేంద్రాలను చేరతాయి. కేంద్రాలు పంపే సమాచారం అదే దారిన కాంతి రూపంలో క్షణాలలో ఒడ్డుకు వస్తుంది. ప్రతి కేంద్రంలోను అతిమంద కంపనాలను పసిగట్టే సున్నిత భూకంపలేఖిని, పెద్ద కుదుపులకు తట్టుకునే త్వరణమాపకం, పీడనమాపకం ఉంటాయి. పీడనమాపకంలోని స్ఫటికపు కంపన వేగం నీటి ఒత్తిడిని బట్టి మారుతుంది కాబట్టి, ఆ మార్పును లెక్కగట్టి అది వేల మీటర్ల లోతున ఉండి కూడా పైన నీటిమట్టంలో వచ్చిన సెంటీమీటరు తేడాను గుర్తించగలదు.

వీటన్నింటిలోకి మెలకువతో కూడిన పని భూకంపలేఖినిని పాతిపెట్టడం. అడుగున పారే నీటి ప్రవాహం తగిలితే చాలు, సున్నితమైన పరికరం దాన్నే ప్రకంపనగా రాసుకుంటుంది. అందువల్ల ముందుగా మెత్తని బురదలోకి గొట్టం వంటి గూడును దించి, లోపలి మట్టిని తోడివేసి, పరికరాన్ని అందులో నిలిపి, చుట్టూ ఉన్న ఖాళీని ఇసుకతో పూడుస్తారు. మనిషి చేరలేని ఆ చీకటిలో, సముద్రమట్టం వద్ద ఉండే ఒత్తిడికి కొన్ని వందల రెట్లు అధికమైన నీటి పీడనం కింద, ఓడ మీది నిపుణులు నడిపే హైపర్ డాల్ఫిన్ అనే యంత్రం తన లోహపు చేతులతో ఈ పనిని ముగించి, నీటిలోనే తీగ కొనను కూడలికి తగిలిస్తుంది.

చిక్యూ అనే ఓడ సముద్రగర్భంలో తొలిచిన బావిలో 2010లో అమర్చిన పరికరాలను 2013లో డోనెట్‌కు కలిపిన తరువాత భ్రంశపు మరొక స్వభావం తేటపడింది. రాతిని నొక్కితే దాని రంధ్రాలలోని నీటి ఒత్తిడి పెరుగుతుంది, సాగదీస్తే తగ్గుతుంది. ఇటువంటి బావులలో నమోదైన ఈ హెచ్చుతగ్గులను పరిశీలించిన శాస్త్రవేత్తలు, 2011 నుంచి 2016 వరకు ద్రోణికి దగ్గరి భ్రంశభాగం ఎనిమిది సార్లు, రోజుల నుంచి వారాల పాటు, కొద్ది సెంటీమీటర్ల మేర నిదానంగా జారిందని 2017లో ప్రకటించారు. మనుషులకు తెలియకుండానే సాగే ఈ మందగతి జారుడులో ఫలకాల ఒత్తిడి కొంత తీరిపోతుంది; తీరకుండా మిగిలినదెంత, అది పేరుకుంటున్నది ఎక్కడ అన్నవే ఇక తేల్చవలసిన ప్రశ్నలు.

2016లో పడమటి దిక్కున రెండవ డోనెట్ కూడా పూర్తయి, రెండూ కలిసి మొత్తం 51 కేంద్రాలతో విపత్తుల పరిశోధన సంస్థ నీడ్ చేతికి వచ్చింది. 2011 మార్చి 11 నాటి తోహోకు భూకంప, సునామీ విలయం తరువాత జపాన్ అగడ్త ప్రాంతంలో 150 కేంద్రాల ఎస్-నెట్ వెలసింది. 2004లో సుమత్రా వద్ద ఇటువంటి అధోగమన భ్రంశమే జారి ఆంధ్ర తీరానికి సైతం సునామీని పంపింది; నేడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ హెచ్చరిక కేంద్రం సైతం సముద్రగర్భ పీడనమాపకాల సమాచారాన్ని గమనిస్తూ ఉంటుంది.

భూకంపం ఏ రోజున వస్తుందో డోనెట్ చెప్పలేదు. అయితే భ్రంశం కదిలిన వెంటనే, నేల అదరడానికి కొన్ని సెకన్ల ముందు, అల ఒడ్డు తాకడానికి కొన్ని నిమిషాల ముందు అది కబురు అందించగలదు. తీరగ్రామంలోని ముసలివారు, పసివారు మెట్టకు చేరుకోవడానికి ఆ నిమిషాలే ఆధారం.