అంతఃకరణముపై అధికారము

1988లో బల్గేరియా ప్రభుత్వ చలనచిత్ర సంస్థ నిర్మించిన "హింసాకాలము" అను చిత్రమును గూర్చి పాఠకులకు నాలుగు మాటలు మనవి చేయుచున్నాము. ఆంతోన్ దోంచెవ్ 1964లో ప్రకటించిన నవల దీనికి మూలము. లుద్మిల్ స్తాయికోవ్ దర్శకుడు. 1668లో తురుష్క సుల్తాను సేన రొడోపి పర్వతముల లోయకు వచ్చి, క్రైస్తవులగు పల్లెవారిని మతము మార్చుకొనుడని నిర్బంధించును. సేనాని కారా ఇబ్రహీము ఆ లోయలోనే జన్మించి, బాల్యమున "రక్తపుపన్ను"గా గొనిపోబడి జానిసరీ యైనవాడు. స్వజనులపై కత్తి దూయు నతని దుస్థితి మనస్సును కలచును.

కాని, కథకు ఆధారముగా జెప్పబడిన వృత్తాంతము 1870లో అచ్చుపడినది. అది 19వ శతాబ్దపు కల్పన యని పలువురు పండితులు నిరూపించిరి. అంతకంటె శోచనీయ మింకొకటి గలదు. 1984-85లలో ఆ ప్రభుత్వమే తన తురుష్క ప్రజల పేర్లను బలాత్కారముగ మార్పించెను. 1989లో మూడు లక్షలకు పైగా జనులు టర్కీకి తరలిపోయిరి. సుల్తాను దౌర్జన్యమునకు తెరపై కన్నీరు గార్చిన చేతులే యిరుగుపొరుగువారి నామములను తుడిచివేసినవి!

2012లో బల్గేరియా శాసనసభ యీ నిర్బంధమును ఖండించుట ముదావహము. పూర్వుల గాయమును జూపి పరుల గాయపరచు హక్కు ఎవ్వరికిని లేదు. పాలకుడు సుల్తానైనను, ప్రజల పేరిట నేలువాడైనను, మానవుని యంతఃకరణము వాని యేలుబడిలోనిది కాదని మా నిశ్చితాభిప్రాయము.