ఆధార్ నకలు, వ్రేలిముద్ర : నేత కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు

బరంపురము నేతగాడు క్రొత్త అంచు గీసికొన్నపుడు, ఆ చీర మగ్గము దిగి అంగడికి చేరువరకు ప్రక్క ఇంటివానికి కూడ చూపడు. ఆ కాగితము పెట్టె అడుగున ఉండును. పట్టుకు రంగు వేయు పాళ్ళు సైతము గడప దాటనీయడు. ఇందులో తప్పు లేదు. అది కూటికి సంబంధించిన రహస్యము. అదే నేతగాడు సిమ్ము కార్డు కొన్నచోట ఒక ఆధార్ జిరాక్సు, లాడ్జిలో ఒకటి, చీట్లవాని వద్ద ఒకటి ఇచ్చి వచ్చును. ఎవరి వద్ద ఎన్ని ఉన్నవో తనకే తెలియదు. అంచు కాగితము పోయినచో కొన్ని చీరల బేరము పోవును. జిరాక్సు వెంట పోవునది అంతకన్న ఎక్కువ.

పూర్వము షావుకారు వద్ద పట్టు, జరీ అరువు తెచ్చి నిశాని వేయుట మన కుటుంబములు ఎరుగనిది కాదు. ఖాళీ కాగితముపై మాత్రము వ్రేలు పెట్టవద్దని పెద్దలు చెప్పుచుండెడివారు. ముద్ర ముందు పడినచో, అంకె తరువాత ఎంతైనను వ్రాసికొనవచ్చును గదా. ఇప్పుడు షావుకారు పుస్తకము స్థానమున చేతిలో ఇమిడెడు యంత్రము వచ్చినది. వీధి చివర కొట్టులో దానిపై వ్రేలు పెట్టి మన ఖాతాలోని సొమ్ము తీసికొనుచున్నాము. దీనిని ఆధార్ ఎనేబుల్డ్ పేమెంట్ సిస్టమ్ అందురు. బ్యాంకుకు పోయి వరుసలో నిలిచి ఒక పూట పని చెడగొట్టుకొననక్కర లేదు గనుక ముసలివారికి, స్త్రీలకు ఇది మేలైన ఏర్పాటే. దీనిని మానుకొనుమని మేము చెప్పము. అయితే అది ఎట్లు పని చేయునో తెలిసి వ్రేలు పెట్టవలెను.

ఈ యంత్రమునకు కావలసినవి మూడు: బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వ్రేలిముద్ర. ఏ.టి.ఎం.లో వలె రహస్య సంఖ్య అడుగదు, ఫోనుకు ఓ.టి.పి. రాదు. బ్యాంకు పేరు వీధిలో అందరికి తెలిసినదే. ఆధార్ సంఖ్య జిరాక్సుపై ఉన్నది. ఇక మిగిలినది వ్రేలు ఒక్కటి. అది మన చేతికే ఉన్నది కదా అనుకొందుము.

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సంగతి బయటపడినది. సిమ్ము కార్డుల వ్యాపారములో ఉన్న ఒకడు రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటు నుండి భూమి దస్తావేజుల నకళ్ళు తీసికొన్నాడు. వాటిపై కక్షిదారుల ఆధార్ సంఖ్యలు, వ్రేలిముద్రలు రెండును ఉన్నవి. రబ్బరు స్టాంపు చేయు పద్ధతిలోనే ఆ ముద్రలకు అచ్చులు పోసి, వాటిని యంత్రముపై అద్ది, వేలకొలది సిమ్ములను పరుల పేర నడిపించినాడు. పొలము అమ్మినవారికి, కొన్నవారికి ఈ సంగతియే తెలియదు. తరువాతి యేండ్లలో ఇట్టి అచ్చులతోనే బ్యాంకు ఖాతాల నుండి సొమ్ము లాగినవారిని పలు రాష్ట్రములలో పోలీసులు పట్టుకొన్నారు. ఆ 2018 ఏప్రిలులోనే ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పది వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరములు, కులము, మతముతో సహా బయటికి కనబడుచున్నవని శ్రీనివాస్ కోడలి అను పరిశోధకుడు చూపినాడు. పిన్ను చెడినచో మార్చుకొనవచ్చును. బొటనవ్రేలు మార్చుకొనుట ఎట్లు?

మన వృత్తిలో మరియొక చిక్కు ఉన్నది. ఏండ్ల తరబడి చేతిపని చేసినవారి వ్రేలిరేఖలు అరిగి యుండును. యంత్రము ఒక్కసారికి పట్టదు. ‘పడలేదు, మరల పెట్టండి’ అనును కొట్టువాడు. నిజముగా పడకపోవచ్చును. పడి, సొమ్ము పోయి, మరల పెట్టించుటయు ఉండవచ్చును. కాబట్టి పెట్టిన ప్రతిసారికి, పడలేదన్న సారికి కూడ, యంత్రము ఇచ్చు చీటీ అడిగి తీసికొనవలెను. బ్యాంకు ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు ఇంటిలో వాడుకలో ఉన్నదేనా యని చూచుకొనవలెను. ఎప్పుడో మానివేసిన నంబరైనచో సొమ్ము పోయిన కబురు మనకు చేరదు.

ఆధార్ సంస్థవారు వ్రేలిముద్రకు తాళము వేసికొను వీలు కల్పించినారు. వారి వెబ్‌సైటులోగాని, ఫోను ఆప్‌లోగాని ఈ పని చేసికొనవచ్చును. తాళము వేసిన పిదప ఎవరు అచ్చు తెచ్చి అద్దినను యంత్రము ఒప్పుకొనదు. మనకు అవసరమైనపుడు కొద్ది నిమిషములు తీసి, మరల వేసికొనవచ్చును. రేషను కొట్టులో వ్రేలు పెట్టువారు ఇది మరువరాదు. తాళము తీయక పోయినచో బియ్యము లేకయే తిరిగి రావలసి వచ్చును. సందేహమున్నచో 1947 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును. బరంపురములో ఇది చిన్న సంగతి కాదు. ఫారములు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండును. తెలుగు మాత్రమే చదివిన అవ్వలు, పెద్దమ్మలు ఫోనును, కార్డును కలిపి ఎవరో కుర్రవాని చేతికిచ్చి ‘నీవే చూడు నాయనా’ అందురు. అట్టి పని ఇంటి పిల్లల చేతనే చేయించుట మేలు.

ఎక్కడైనను పూర్తి సంఖ్య అక్కర లేనిచోట, చివరి నాలుగంకెలు మాత్రము కనబడు ‘మాస్క్‌డ్’ ఆధార్ ఇవ్వవచ్చును. జిరాక్సే ఇయ్యవలసి వచ్చినచో దానిపై అడ్డముగా, ఏ పనికి, ఏ తేదీన, ఎవరికి ఇచ్చితిమో సిరాతో వ్రాయవలెను.

2012లో మన పట్టు చీరకు, జోడుకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. నేడు దూరపు ఊళ్ళ నుండి ఫోనుమీదనే బేరములు వచ్చుచున్నవి. ‘బయానా పంపుచున్నాను, ఈ బొమ్మ స్కాను చేసి పిన్ను నొక్కుము’ అనువాడు కొనువాడు కాడు. పిన్ను సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు కాదు.

అప్పు ఆప్‌ల సంగతి ఇంతకన్న బాధాకరము. అమ్మవారు దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వచ్చు ఠాకురాణి యాత్ర యేట ఏ ఇంట ఖర్చు లేదు? చేబదులుకు పోయినచో పదిమందికి తెలియునని, గుట్టుగా ఫోనులో అప్పు తీసికొందురు. ఆ ఆప్ ముందుగా ఫోనులోని పేర్లన్నియు, ఫొటోలన్నియు చూచుటకు అనుమతి అడుగును. మనము చదువకయే సరే అందుము. వాయిదా తప్పిన మరునాడు వియ్యాలవారికి, షావుకారుకు, ప్రక్క మగ్గమువానికి ‘వీడు దొంగ’ అని కబురు పోవును. గుట్టు కొరకు చేసిన అప్పు వీధిన పడును. 2020లో హైదరాబాదులో ఇట్టి వేధింపులకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారున్నారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పు ఇచ్చు ఆప్‌లు ఫోనులోని పేర్ల పట్టీని, ఫొటోలను ముట్టరాదని ఉత్తరువు చేసినది. పట్టీ అడిగిన ఆప్ ఆ ఉత్తరువును దాటినదే. దానిని అప్పుడే తీసివేయవలెను. నేత ముద్రా ఋణము వంటివి బ్యాంకు ద్వారా దొరకునపుడు, ఆలస్యమైనను అదియే మేలని మా అభిప్రాయము.

చట్టము మన వైపు కొంత ఉన్నది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పినది. ఆ దావా వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. 2018 సెప్టెంబరు తీర్పు ప్రకారము ప్రభుత్వ రాయితీలకు, పాన్ కార్డుకు ఆధార్ అడుగవచ్చును. సిమ్ముకు అదే కావలెనని బలవంతము చేయరాదు, మరియొక గుర్తింపు చూపవచ్చును. సొమ్ము పోయినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను, బ్యాంకుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. మన తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేనిచోట, మూడు పనిదినములలో తెలిపినవారికి నష్టము లేకుండ చూడవలెనని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. సిగ్గుపడి వారము రోజులు ఇంటిలో కూర్చున్నచో ఆ రక్షణ తగ్గిపోవును.

ఇక సంఘముల మాట. నేత కార్డులకు, నూలు రాయితీకి మన సంఘములే సభ్యుల కాగితములు ప్రోగు చేయవలసి యున్నది. పేరు, ఖాతా, ఆధార్ గల జాబితాను ఫొటో తీసి వాట్సాప్ గుంపులో పెట్టుట తేలికే గాని, గుంపులో రెండువందలమంది ఉందురు. జాబితాలో చివరి నాలుగంకెలు చాలును. కాగితములు తాళమున్న బీరువాలో ఉండవలెను. పని ముగిసిన పిదప జిరాక్సును సభ్యునికి తిరిగి ఇయ్యవలెను, లేక అతని ఎదుటనే చింపవలెను. పాత కాగితములతో కలిపి తూకమునకు వేసినచో, మరునాడు ఏ పకోడీల పొట్లముగానో అది బజారున తిరుగును.