పాత స్పోర్ట్స్ కారులో గేర్లు మొరాయిస్తున్నాయా..? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూసుకోండి!

పొద్దున్నే కారు స్టార్ట్ చేశారు. ఫస్ట్ గేర్ పడింది.. బండి కదిలింది. సెకండ్‌లోకి లాగబోతే కర్ర్‌ర్ అని శబ్దం. గట్టిగా లాగితే గానీ పడలేదు. నాలుగైదు కిలోమీటర్లు తిరిగాక మాత్రం అంతా మామూలే. పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకు ఈ గోల కొత్తేం కాదు. గ్యారేజ్‌కి వెళ్తే ముందు వినిపించే మాట 'గేర్‌బాక్స్ దించాలి' అని. దించడం మొదలుపెడితే బిల్లు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ చాలాసార్లు తప్పు గేర్‌బాక్స్ లోపల ఉండదు. పైన ఉంటుంది, పక్కన ఉంటుంది.. ఒక్కోసారి మన చేతిలోనే ఉంటుంది.

ఇందుకు మంచి ఉదాహరణ మజ్దా ఎంఎక్స్-5 మియాటా. మజ్దా అనగానే మనకు స్వరాజ్ మజ్దా వ్యాన్లే గుర్తొస్తాయి కానీ, ప్రపంచానికి ఆ కంపెనీని గుర్తుచేసేది ఈ రెండు సీట్ల చిన్న కారే. 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించింది. 2016 నాటికి 10 లక్షల కార్లు తయారయ్యాయి. మొదటి తరం కార్లకు ఇప్పుడు 30 ఏళ్లు దాటాయి. అమెరికాలో ఉంటూ ఇలాంటి పాత కారు కొనాలనుకునే మనవాళ్లకు ఈ విషయాలు టెస్ట్ డ్రైవ్‌లోనే పనికొస్తాయి.

ఈ కారులో గేర్ రాడ్‌కి, గేర్‌బాక్స్‌కి మధ్య కేబుళ్లు ఉండవు. రాడ్ నేరుగా గేర్‌బాక్స్ వెనక భాగంలోకి దిగుతుంది. మణికట్టు తిప్పితే గేర్ మారిపోతుందని అందరూ మెచ్చుకునేది ఇందుకే. ఇబ్బంది కూడా ఇక్కడే.. లోపల ఏ చిన్న భాగం అరిగినా చేతికి వెంటనే తెలిసిపోతుంది.

ముందు అనుమానించాల్సింది క్లచ్‌నే..

ఇంజిన్ ఆపేసి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. హాయిగా పడుతున్నాయా? ఇప్పుడు ఇంజిన్ ఆన్ చేసి, బండి కదలకుండా అదే పని చేయండి. ఆన్‌లో ఉన్నప్పుడే బిగుసుకుపోతే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. ఇంకో పరీక్ష.. న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి పది సెకన్లు ఆగి, నెమ్మదిగా రివర్స్ వేయండి. అంతసేపు ఆగినా కర్ర్‌మంటే లోపల ప్లేట్ ఇంకా తిరుగుతోందని అర్థం.

మియాటాలో క్లచ్ హైడ్రాలిక్. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ పక్కన స్లేవ్ సిలిండర్ ఉంటాయి. ఈ స్లేవ్ సిలిండర్ లీకవడం ఆ కారుకున్న పేరుమోసిన జబ్బు. బానెట్ ఎత్తి చిన్న డబ్బాలో ఫ్లూయిడ్ తగ్గిందేమో చూడండి. స్లేవ్ మీదున్న రబ్బరు తొడుగు కొంచెం ఎత్తితే తడి కనిపిస్తుందేమో చూడండి. తడి ఉంటే అది పోయినట్టే. ఒకటి మార్చి ఊరుకుంటే కొన్నాళ్లకే రెండోది మొదలెడుతుంది కాబట్టి రెండూ కలిపి మార్చుకోవడమే మేలు. లీకేజీ లేకపోతే ఫ్లూయిడ్ మార్చి, గాలి తీయించండి. ఇది నీటిని పీల్చుకునే ద్రవం, రెండేళ్లకోసారి మార్చాల్సిందే.

అన్నట్టు.. పెడల్ కింద మందపాటి ఫ్లోర్ మ్యాట్ ఉందేమో కూడా చూడండి. నవ్వొచ్చే విషయమే కానీ, మ్యాట్ అడ్డుపడి క్లచ్ చివరిదాకా వెళ్లని కార్లు బోలెడు.

సెకండ్ గేరే ఎందుకు ఏడిపిస్తుంది..?

గేర్ మార్చేటప్పుడు తిరిగే రెండు భాగాల వేగం ఒకటి కావాలి. ఆ పని చేసేది సింక్రో రింగ్. ఇత్తడి రింగ్ కోన్ ఆకారపు భాగాన్ని రాసుకుంటూ వేగాన్ని సర్దుతుంది. చిన్నపాటి బ్రేక్ అనుకోండి. ఈ ఐదు గేర్ల బాక్స్‌లో ఫస్ట్ రేషియో 3.136, సెకండ్ 1.888, థర్డ్ 1.330, ఫోర్త్ 1.000. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారితే ఇంజిన్ దాదాపు 3,600కి పడాలి. అంటే 2,400 తేడా. అదే థర్డ్ నుంచి ఫోర్త్‌కి అయితే 4,500 దగ్గర ఆగుతుంది. తేడా 1,500 మాత్రమే. సెకండ్ సింక్రో మీద ఎంత భారం పడుతుందో చూశారు కదా. పైగా ఊళ్లో తిరిగితే ఎక్కువసార్లు వాడేదీ అదే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది. రింగ్‌కి, కోన్‌కి మధ్య ఆ పొర త్వరగా తప్పుకోదు. రాపిడి దొరక్క సింక్రో జారుతుంది. అందుకే తొలి కొన్ని కిలోమీటర్లు సెకండ్ మొండికేస్తుంది. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చినా గేర్‌బాక్స్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకాస్త టైమ్ కావాలి.

ఆయిల్ మార్చితే చాలావరకు తేడా తెలుస్తుంది. ఈ బాక్స్‌కి 75డబ్ల్యూ-90 గ్రేడ్, సుమారు 2 లీటర్లు. షాపువాళ్లు 'జీఎల్-5 అంటే జీఎల్-4 కంటే పెద్ద నంబర్, ఇంకా మంచిది' అంటారు. సింక్రో విషయంలో ఆ లెక్క కుదరదు. జీఎల్-5 ప్రధానంగా డిఫరెన్షియల్ లాంటి చోట్ల పడే భారీ ఒత్తిడి కోసం చేసింది. కొన్ని జీఎల్-5 ఆయిళ్లు సింక్రోకి కావాల్సిన రాపిడి ఇవ్వవు, కొన్నింటిలోని రసాయనాలు ఇత్తడికి పడవు. మియాటా మాన్యువల్ రెండింటినీ ఒప్పుకుంటుంది. అయినా మాన్యువల్ గేర్‌బాక్స్‌ల కోసమే చేసిన జీఎల్-4 పోయించుకోండి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. పాత ఆయిల్ దించే ముందు, కొత్తది పోసే పక్క బోల్ట్ ఊడుతుందో లేదో చూడండి. కింది బోల్ట్ విప్పి ఆయిలంతా దించేశాక, పైది తుప్పుపట్టి ఊడకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. కారు కిందకు దూరేటప్పుడు ఒక్క జాకీని నమ్ముకోవద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే.

చాలామంది మర్చిపోయే 100 మిల్లీలీటర్లు..

గేర్ రాడ్ దిగే చోట ఒక చిన్న గూడు ఉంటుంది. దాన్ని టరెట్ అంటారు. ఇందులో విడిగా కొంచెం ఆయిల్ ఉంటుంది, 100 మిల్లీలీటర్ల లోపే. గేర్‌బాక్స్ ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా దీన్ని ఎవరూ ముట్టుకోరు. ఏళ్లు గడిచాక నల్లగా మారి, లేదా ఎండిపోయి రాడ్ కదలిక బరువెక్కుతుంది.

రాడ్ చివర ప్లాస్టిక్ బుష్ ఉంటుంది, అరిగితే రాడ్ వదులుగా ఊగుతుంది. పైన రెండు రబ్బరు తొడుగులుంటాయి. అవి చిరిగితే కింది నుంచి వేడిగాలి, రోడ్డు చప్పుడు లోపలికి వస్తాయి. గేర్ రాడ్ చుట్టూ కాలు కాలుతున్నట్టు అనిపిస్తే తొడుగు చిరిగిందనుకోవచ్చు. మధ్య కన్సోల్ విప్పి, రాడ్ పైకి లాగి, పాత ఆయిల్ తీసేసి, బుష్, తొడుగులు కొత్తవి వేసి, తాజా ఆయిల్ పోయడం.. అంతే పని. ఓ సాయంత్రం చాలు. విడిభాగాలన్నీ కలిపినా అమెరికాలో పదుల డాలర్లలోనే అయిపోతుంది. ఈ కారులో డబ్బుకు తగ్గ ఫలితం ఇంతగా ఇచ్చే రిపేర్ ఇంకోటి లేదనే చెప్పాలి.

రాడ్ వదులుగా ఉంటే ఏమవుతుందిలే అనుకోవద్దు. 6,500 ఆర్‌పీఎం దగ్గర థర్డ్ నుంచి ఫోర్త్‌కి లాగబోయి పొరపాటున సెకండ్‌లో పడితే? క్లచ్ వదలగానే చక్రాలే ఇంజిన్‌ని 9,200కి పైగా తిప్పుతాయి. ఆ ఇంజిన్ హద్దు 7,000 చిల్లర. వాల్వులు వంగొచ్చు, ఇంజినే పోవచ్చు. ఇలాంటప్పుడు రెవ్ లిమిటర్ కూడా కాపాడలేదు. అది ఇంధనం ఆపుతుంది గానీ, తిరుగుతున్న చక్రాల్ని ఆపలేదు కదా.

చేతివాటం మారాలి..

నాబ్‌ని పిడికిలితో బిగించి లాగొద్దు. థర్డ్‌కి వెళ్లేటప్పుడు అరచేతితో పైకి నెట్టండి చాలు, పక్కకి సర్దే పని స్ప్రింగ్ చూసుకుంటుంది. గేర్ అడ్డుపడితే బలం పెంచకుండా, అదే ఒత్తిడితో అర సెకను ఆగండి. సింక్రో తన పని ముగించగానే దానంతటదే జారుకుంటుంది.

చల్లగా ఉన్నప్పుడు పైగేర్లకి డబుల్ క్లచ్ చేయండి. క్లచ్ తొక్కి న్యూట్రల్, ఓసారి వదిలి, మళ్లీ తొక్కి సెకండ్. కిందికి దిగేటప్పుడైతే న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా ఇవ్వాలి. పాత లారీ డ్రైవర్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్యలాంటిది.

షార్ట్ షిఫ్టర్ వేయించాలా అని చాలామంది అడుగుతారు. రాడ్ కదిలే దూరం తగ్గుతుంది నిజమే. కానీ లీవరేజ్ కూడా తగ్గి చేతికి బరువు పెరుగుతుంది, సింక్రోకి దొరికే టైమ్ తగ్గుతుంది. నీరసంగా ఉన్న సింక్రోకి ఇది ఇంకో దెబ్బ. మియాటాకి కంపెనీ ఇచ్చిన రాడే పొట్టిది, దాన్ని ఇంకా కుదించాల్సిన పనిలేదు.

ఇవన్నీ చేశాక కూడా, బండి పూర్తిగా వేడెక్కాక గేర్ కర్ర్‌మంటున్నా, యాక్సిలరేటర్ వదలగానే గేర్ దానంతటదే న్యూట్రల్‌కి వచ్చేస్తున్నా అప్పుడు మాత్రం బాక్స్ దించక తప్పదు. దించిన ఆయిల్‌ని గాజు సీసాలో పోసి ఎండలో చూడండి. బోల్ట్ అయస్కాంతానికి సన్నటి బూడిద రంగు పేస్ట్ అంటుకోవడం మామూలే. ఇనుప ముక్కలు కనిపించడం మాత్రం మామూలు కాదు. ఆయిల్‌లో బంగారు రంగు మెరుపు దట్టంగా తేలుతుంటే.. అది అరిగిపోయిన సింక్రో ఇత్తడే. కొనబోయే కారులో ఇది కనిపిస్తే, గేర్‌బాక్స్ రిపేర్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.