అల్యూమినియమును కోయు కదురు

సామర్లకోట కూడలిలో విశాఖపట్నము వైపు పోవు రైలుబండి నెక్కి నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగినచో, అక్కడికి కొద్ది దూరమున వరాహ నది యొడ్డున ఏటికొప్పాక గ్రామము కనబడును. 2017 లో భౌగోళిక గుర్తింపు పొందిన లక్క బొమ్మలు ఆ గ్రామమువే. అక్కడి పనివారు అంకుడు కర్రను లేతుపై గిరగిర త్రిప్పుచు, ఉలి ఆనించి బొమ్మగా తీర్చుదురు. పిదప ఉలిని ప్రక్కన బెట్టి, తిరుగుచున్న ఆ బొమ్మకే రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పట్టుదురు. రాపిడివలన వేడి పుట్టును. ఆ వేడికి లక్క మెత్తబడి కర్రకు నునుపుగా అంటుకొనును.

ఉలి పట్టినప్పుడు కర్ర తెగినది. లక్క పట్టినప్పుడు లక్క అంటినది. తిరుగుట మాత్రము రెండింటికిని సమానమే. తెగుటకును అంటుటకును గల ఈ భేదమును మనసున నుంచుకొన్నచో, చిన్న యంత్రముతో అల్యూమినియమును కోయదలచిన వారికి ఎట్టి మోటారు కావలెనో తేలికగా బోధపడును.

అంకెల ఆజ్ఞలతో నడచు యంత్రము

అంకెల రూపములో వ్రాసిన ఆజ్ఞలను అనుసరించి కోత కోయు మిల్లింగ్ యంత్రమును అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1952 లో ప్రదర్శించినది. ఆనాడు అది ఒక గదినంత ఆక్రమించినది. నేడు బల్లమీద ఇముడునంతటి సి.ఎన్.సి. రౌటర్లు లభించుచున్నవి. ఇందు మూడు చిన్న మోటారులు పనిముట్టును ఎడమకు కుడికి, ముందుకు వెనుకకు, పైకి క్రిందికి జరుపును. నాలుగవ మోటారు పనిముట్టును త్రిప్పును. ఈ నాలుగవ దానినే స్పిండిల్ అందురు. రాట్నపు కదురునకు ఇంగ్లీషులో గల పేరును ఇదియే. లేతులో వస్తువు తిరుగును, ఉలి నిలుచును. ఇచ్చట వస్తువు నిలుచును, పండ్లుగల కోతముక్క తిరుగును.

సామర్లకోటలో ఒక ఉపాధ్యాయుడు ఇట్టి యంత్రముతో చెక్కపై అక్షరములు చెక్కించుచున్నాడనుకొందము. సూర్యునివైపు తిరుగు సౌరఫలకపు నమూనాకై విద్యార్థులకు అల్యూమినియపు పట్టీలు కావలసివచ్చినవి. చెక్కను కోసిన కదురే చాలునా? క్రొత్తది కొనవలెనన్న ఎక్కువ వేగముగలది కొనవలెనా, ఎక్కువ వాట్లుగలది కొనవలెనా? పొరపడినచో విద్యార్థులు కూడబెట్టిన సొమ్ము వ్యర్థమగును. కోతముక్క విరిగి ఎగిరినచో కంటికే ముప్పు.

వేగమెంత? తునక మందమెంత?

ఎంత వేగముగా తిరిగిన అంత చక్కగా తెగునని పలువురు తలచుదురు. లెక్క వేసి చూతము. యంత్రము పనిముట్టును నిమిషమునకు 600 మిల్లీమీటర్లు జరుపగలదనుకొందము. కోతముక్కకు మూడు పండ్లు, కదురు వేగము నిమిషమునకు 24,000 చుట్లు. అనగా నిమిషమునకు 72,000 పర్యాయములు పన్ను లోహమును తాకును. 600 ను 72,000 చే భాగించిన ఒక్కొక్క పన్ను తీయు తునక మందము 0.008 మి.మీ. మాత్రమే వచ్చును. మనిషి తలవెండ్రుకలో అది సుమారు తొమ్మిదవ వంతు.

ఎంత పదునైన పన్నైనను సూక్ష్మదర్శినిలో చూచినచో దాని అంచు కొంచెము గుండ్రముగానే యుండును. తునక మందము ఆ గుండ్రదనముతో పోల్చగా మరీ తక్కువైనచో పన్ను లోపలికి దిగదు, పైపైన రాచుకొనుచు పోవును. రాపిడిచే వేడి పుట్టును. అల్యూమినియము 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. అంతకు చాల ముందే మెత్తబడి పన్ను అంచున ముద్దగా పేరుకొనును. పండ్ల నడుమ సందులు పూడిపోయి, మరుక్షణమే కోతముక్క విరుగును. ఏటికొప్పాకలో లక్కకు మేలు చేసిన రాపిడియే ఇచ్చట కీడు చేసినది.

ఇప్పుడు అదే యంత్రమునకు ఒకే పన్నుగల 6 మి.మీ. కార్బైడు కోతముక్కను బిగించి, వేగమును 12,000 చుట్లకు తగ్గింతము. 600 ను 12,000 చే భాగించిన 0.05 మి.మీ. వచ్చును. తునక మందము ఆరు రెట్లు పెరిగినది! పన్ను లోహమును నిజముగా కోయుచున్నది. పుట్టిన వేడిలో అధికభాగము తునకతో పాటు ఎగిరిపోవును, పలక చల్లగా నుండును. పన్ను అంచు వేగము నిమిషమునకు సుమారు 226 మీటర్లు. కార్బైడుతో అల్యూమినియమును కోయుటకు అది తగిన వేగమే.

కావున స్పిండిల్ కొనువారు మొదట అడుగవలసిన ప్రశ్న “అత్యధిక వేగమెంత?” అనునది కాదు. “పది, పండ్రెండు వేల చుట్ల వద్ద నిలుకడగా, బలముగా తిరుగునా?” అనునదియే.

ఎన్ని వాట్లు కావలెను?

అర మిల్లీమీటరు లోతున, 6 మి.మీ. వెడల్పున పై వేగముతో గాడి తీసినచో సెకనుకు 30 ఘన మిల్లీమీటర్ల లోహము తొలగును. ఒక ఘన మిల్లీమీటరు అల్యూమినియమును కోయుటకు సుమారు 0.8 జౌళ్ళ శక్తి కావలెను. అనగా 24 వాట్లు చాలును. అంచు మొద్దుబారినచో రెట్టింపగు ననుకొన్నను 50 వాట్లే. విద్యార్థులకు ఇది వింతగా తోచవచ్చును.

కాని బలము మాట వేరు. ఒంటి పన్ను లోహములో మునిగినప్పుడు సుమారు 20 న్యూటన్ల బలము, అనగా రెండు కిలోగ్రాముల బరువు, యంత్రపు చట్రముపై పడును. 12,000 చుట్ల వద్ద ఈ తాకిడి సెకనుకు 200 మార్లు జరుగును. చట్రము వంగినను వణకినను పన్ను మరల రాచుకొనును. స్పిండిల్ ఎంత బలమైనదైనను బలహీనమైన చట్రమును దృఢముగా చేయజాలదు. పైగా రెండు కిలోవాట్ల పెద్ద స్పిండిల్ బరువుకే చిన్న చట్రము క్రుంగును.

మూడు తీరుల కదుళ్ళు

చౌకగా దొరకు చిన్న రౌటర్లలో 24 వోల్టుల బ్రష్షుల మోటారు నుంచుదురు. వట్టిగా తిరుగునప్పుడు పది వేల చుట్లు చూపినను, భారము పడగానే దాని వేగము తగ్గును. ప్రక్కబలమును తాళుటకు దాని బేరింగులను నిర్మింపలేదు. చెక్కకు, ప్లాస్టికుకు ఇది చాలును. అల్యూమినియముపై 3 మి.మీ. ఒంటిపన్ను ముక్కతో, మి.మీ.లో పదవ వంతు లోతున మాత్రమే ఓపికగా వాడవలెను.

రెండవది వడ్రంగులు చేతబట్టి వాడు ట్రిమ్ రౌటరు. దీని వేగము సాధారణముగా పది వేల నుండి ముప్పది వేల చుట్ల వరకు మారును. అడుగువేగము వద్ద ఒంటిపన్ను ముక్కతో ఇది అల్యూమినియమును చక్కగానే కోయును. బ్రష్షులు అరుగుట, చెవులు దిమ్మెక్కించు రొద దీని లోపములు. దాని విసనకఱ్ఱ గాలితో పాటు లోహపు తునకలను లోనికి లాగినచో విద్యుత్తు దారి తప్పవచ్చును.

మూడవది మూడు ఫేజుల ఇండక్షన్ మోటారుగల స్పిండిల్. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు గలది. రెండు ధ్రువముల మోటారు దానితో నిమిషమునకు 50 × 60, అనగా 3,000 చుట్లకు మించి తిరుగలేదు. ఇన్వర్టరు ఆ ఆవర్తనములను 400 కు పెంచును, వేగము 24,000 చుట్లగును. బ్రష్షులు లేవు కావున అరుగుదల లేదు. కాని ఒక నియమము మరువరాదు. శక్తి యనగా త్రిప్పుబలమును కోణవేగమును గుణించగా వచ్చునది. ఈ మోటారులలో త్రిప్పుబలము ఇంచుమించు స్థిరము. కనుక 24,000 చుట్ల వద్ద 800 వాట్లిచ్చు స్పిండిల్ 12,000 వద్ద 400 వాట్లు, 6,000 వద్ద 200 వాట్లు మాత్రమే ఈయగలదు. మనకు కావలసినది 50 వాట్లు గదా! కావున గట్టి చట్రము గలవారికి 800 వాట్ల చిన్న స్పిండిల్ ధారాళముగా చాలును. గాలితో చల్లబడు రకములో విసనకఱ్ఱ అదే ఇరుసుపై నుండును. వేగము తగ్గిన గాలియు తగ్గును. నీటితో చల్లబడు రకమునకు ఈ చిక్కు లేదు గాని, పంపు ఆగకుండ చూచుకొనవలెను. రెండింటికిని ఎర్తు తీగ తప్పనిసరి.

తిన్నగా తిరుగుట

కొనునప్పుడు పలువురు మరచు గుణము మరియొకటి గలదు. కోతముక్కను పట్టి బిగించు కోలెట్ ఇరుసునకు సరిగా నడిమధ్యన లేనిచో ముక్క తడబడుచు తిరుగును. రెండు పండ్ల ముక్క ఒక్కొక్క పన్నుకు 0.025 మి.మీ. తునక తీయవలసియుండగా, తడబాటు 0.02 మి.మీ. ఉన్నదనుకొందము. అప్పుడు ఒక పన్ను 0.045 మి.మీ. వరకు కోయును, రెండవది 0.005 మి.మీ. మాత్రమే తాకి రాచుకొనును. ఒకటి అధికభారముచే, మరియొకటి రాపిడిచే చెడును. డయల్ గేజిని ముక్కకు ఆనించి, ఇరుసును చేతితో మెల్లగా త్రిప్పి ఈ తడబాటును కొలువవచ్చును. తీరప్రాంతపు తేమగాలికి కోలెట్ త్రుప్పు పట్టినను తడబాటు పెరుగును. పని ముగియగానే దానిని తుడిచి, పలుచగా నూనె రాసి యుంచవలెను.

లోహములోను భేదము గలదు. సత్తు గిన్నెలకు వాడు మెత్తని రేకు జిగటగా పన్నును అంటుకొనును. మెగ్నీషియము, సిలికాను కలిపి వేడిమిచే గట్టిపరచిన 6061 మిశ్రలోహము గట్టిదే యైనను శుభ్రముగా తెగును.

తునకయే సాక్షి

తరగతిలో చేయదగిన పరీక్ష యొకటి గలదు. కంటికి అద్దములు పెట్టుకొని, ఒకే పలకపై రెండు చిన్న గాళ్ళు తీయింపవలెను. పలక జరుగు వేగమును మార్చక, ఒకటి 24,000 చుట్ల వద్ద, మరియొకటి 12,000 చుట్ల వద్ద కోయింపవలెను. లోతు మి.మీ.లో అయిదవ వంతు మించరాదు. యంత్రము పూర్తిగా ఆగిన పిదప కుంచెతో తునకలను వేరువేరు కాగితములపైకి తీసి, భూతద్దముతో చూడవలెను. బూడిద రంగు పొడి వచ్చినచోట పన్ను రాచినది. మెరయుచు వంపు తిరిగిన తునకలు వచ్చినచోట పన్ను కోసినది. రెండవ గాడి ప్రక్కన పలకను తాకినచో చల్లగానే యుండును.

స్పిండిల్ పై అతికించిన చీటీ వేగమును వాట్లను మాత్రమే చెప్పును. అది కోయుచున్నదో, లక్క కడ్డీవలె రాచుచున్నదో చెప్పునది కాగితముమీది ఆ తునకయే.