హైస్కూలులోనే కాలేజీ చదువు

షోలాపురమున మన నేతవారి పేటలోని పెద్దాయన ఒకరు ఇటీవల సంఘ కార్యాలయమునకు వచ్చి ఒక సంగతి విచారించినారు. వారి కుమార్తె అమెరికాలో, టెక్సాసు రాష్ట్రమున కాపురమున్నది. మనుమడు ఎనిమిదవ తరగతి ముగించుచున్నాడు. వానిని ‘ఎర్లీ కాలేజీ హైస్కూలు’లో చేర్పవలెనా, వద్దా అని ఇంట తర్జనభర్జన. “మీసము రాని పిల్లవానికి కాలేజీ యేమిటయ్యా? ఫీజు పేరిట ఎంత గుంజుదురో!” అని వీరి బెంగ. ఆ దేశమున పిల్లలున్న మరికొందరు సోదరులకును ఈ సందేహము కలుగును గనుక, మేము తెలిసికొన్నది ఇచట వ్రాయుచున్నాము.

అమెరికాలో తొమ్మిది మొదలు పండ్రెండవ తరగతి వరకు హైస్కూలు. పిమ్మట నాలుగేండ్ల డిగ్రీ. కాలేజీ చదువును ‘క్రెడిట్ల’తో కొలుతురు. వారమునకు మూడు గంటల చొప్పున సుమారు పదునైదు వారములు జరుగు పాఠములో ఉత్తీర్ణుడైనచో మూడు క్రెడిట్లు జమయగును. నిర్ణీత విషయములలో సుమారు 60 కూడినచో అసోసియేట్ డిగ్రీ, 120 కూడినచో మన బి.ఏ. వంటి పట్టము. ఎర్లీ కాలేజీ హైస్కూలులో ఒకే పాఠము హైస్కూలు లెక్కలోను, కాలేజీ లెక్కలోను చేరును. మన మనుమని వంటివాడు చదివేది ప్రభుత్వ పాఠశాల. టెక్సాసులో అట్టి విద్యార్థి కాలేజీ ఫీజు చెల్లింప నక్కరలేదు. పెద్దాయన బెంగ సగము ఇక్కడనే తీరినది.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1974లోనే న్యూయార్కులో లాగార్డియా కమ్యూనిటీ కాలేజీ ఆవరణమున ఇట్టి పాఠశాల తెరచినారు. చదువు మానివేయు ప్రమాదమున్న పిల్లలను కాలేజీ వాతావరణములో నుంచినచో నిలుతురని వారి తలంపు. 2001లో అదే నగరమున బార్డ్ కాలేజీ, నగర విద్యాశాఖ కలిసి మరియొకటి స్థాపించినవి. 2002 నుండి గేట్స్ ఫౌండేషన్ మొదలైన ధర్మసంస్థల సహాయముతో అనేక రాష్ట్రములకు వ్యాపించినది. ఇంటిలో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కు బీదపిల్లలే దీనికి ముఖ్య ఉద్దేశితులు. మన ఇండ్లలో పదవ తరగతి కాగానే మగ్గము గుంటలోనికి దిగిన వారెందరు! ఫీజుకు డబ్బులేక, దారి చెప్పువారు లేక చదువు మానినవారే గాని, తెలివి చాలక మానినవారు అరుదు.

ఫలితమేమి? 2013లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, లాటరీలో సీటు వచ్చినవారిని రానివారితో పోల్చి చూచిరి. అప్పటికి సీటు వచ్చినవారిలో నూటికి 22 మంది కాలేజీ పట్టము పొందగా, రానివారిలో ఇద్దరే పొందిరి.

అయినను చిక్కులున్నవి. బట్ట ఎంత గట్టిదైనను కొలత, నూలు నంబరు చూడక వర్తకుడు పుచ్చుకొనడు గదా! క్రెడిట్ల సంగతియు అట్టిదే. టెక్సాసు ప్రభుత్వ విశ్వవిద్యాలయములు తమ రాష్ట్రపు మూల పాఠ్యక్రమమునకు చెందిన 42 క్రెడిట్లను పరస్పరము అంగీకరించును. ఇతర రాష్ట్రముల కాలేజీలు, ప్రైవేటు కాలేజీలు కొన్నింటిని త్రోసివేయవచ్చును. ఇంజనీరింగు చదువగోరువానికి గణితము వరుసక్రమమున సాగవలసినదే. 60 క్రెడిట్లున్నను రెండేండ్లు తగ్గునని నమ్మరాదు. మరియు, పదునైదవ యేట తప్పిన పాఠము కాలేజీ రికార్డులో నిలిచిపోవును. తరువాత ఆర్థిక సహాయమునకు అడ్డు రావచ్చును. మా మట్టుకు దీనినే పెద్ద ప్రమాదమని తలంచుచున్నాము. పిల్లవాడు ఇంకను ఆటలాడు వయసువాడు. వానికి ఇష్టము లేనిచో ఫీజు మిగులునని బలవంతము చేయరాదు.

సీట్లకంటె దరఖాస్తులు ఎక్కువైనచో టెక్సాసులో లాటరీ వేయుదురు. కాలేజీ పాఠములకు ముందు చదువుట, వ్రాయుట, గణితములలో పరీక్ష నెగ్గవలెను.

పెద్దాయనకు మేము చెప్పినదిది: ఏ పాఠములకు క్రెడిట్లు వచ్చును, వానిని ఏ విశ్వవిద్యాలయము అంగీకరించును, ఒక పాఠము తప్పినచో ఏమగును, గత సంవత్సరపు పిల్లలలో ఎందరు అసోసియేట్ డిగ్రీతో బయటపడిరి, ఇవన్నియు బడివారిని వ్రాతమూలకముగా అడుగుడని. వారు కాగితముమీద వ్రాయించుకొని పోయినారు. కుమార్తెవద్దనుండి జవాబు వచ్చినచో తరువాతి సంచికలో తెలుపుదుము.