వెన్నపండు: మన ఆహారములో దాని స్థానము

అండమానులో శ్రీవిజయపురము (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) చెంతనున్న బ్రూక్షాబాద్ వంటి ఊళ్లలో కొబ్బరి నిత్యము వాడు ఆహారము. అట్టి యిండ్లకు వెన్నపండు, అనగా అవకాడో, క్రొత్తది. ఇంత కొవ్వు గల పండు తినవచ్చునా యను సందేహము సహజమే.

దీని జన్మస్థానము మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములు. మన దేశమున కొడగు, నీలగిరి, వయనాడు సీమలలో పండుచున్నది. 100 గ్రాముల గుజ్జులో సుమారు 160 కెలోరీల శక్తి, 15 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల పీచు గలవు. ఆ కొవ్వులో సుమారు మూడింట రెండు వంతులు వేరుసెనగ నూనెలో అధికముగా నుండు ఏక అసంతృప్త జాతికి చెందినది. పచ్చికొబ్బరిలో 100 గ్రాములకు సుమారు 33 గ్రాముల కొవ్వుండును. అందు అధికభాగము సంతృప్తమైనది. అది మితిమీరినచో రక్తములో చెడు కొలెస్ట్రాలు పెరుగును.

కావున వెన్నపండును కొబ్బరి, నెయ్యి, వనస్పతులలో కొంత తగ్గించి, వాటికి బదులుగా తినవలెను. వాటికి అదనముగా తినినచో దేహము స్థూలించును. ఒక పూటకు సగము పండు చాలును. ఆకుకూరలతోను, క్యారెట్టుతోను కలిపి తినినచో, వాటి యందలి కెరోటిను దేహమునకు బాగుగా పట్టును.

ఇందు పొటాషియము అధికము. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని యడుగక తినరాదు.

ఈ పండు ఖరీదైనది. కొనలేనివారు చింతింపనక్కరలేదు. గుప్పెడు వేరుసెనగపప్పు అట్టి కొవ్వునే యిచ్చును. పెరటి జామపండు పీచును, పుష్కలముగా 'సి' విటమినును ఇచ్చును. వెన్నపండు మంచి ఆహారమే కాని, మందు కాదు.